ఎండు కొమ్మ చెప్పిన పేరు

మా బాల్కనీలో తూర్పు గోడ పక్కన ఒక చిన్న మొక్క ఉంది. గుండ్రటి ఆకులు, రూపాయి బిళ్ళలంత మొదలుపెట్టి అరచేయంత వరకూ పెరుగుతాయి. ఆకు కాడ అంచున కాకుండా ఆకు వీపు మీద అతుక్కుని ఉంటుంది. తామరాకునో ఆముదపాకునో తిరగేసి చూస్తే ఎలా ఉంటుందో అలా. రెండేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఒక నర్సరీలో కొన్నాను. కుండీలో గుచ్చిన ప్లాస్టిక్ ముక్క మీద 'పెపరోమియా' అని రాసి ఉంది. అక్కడ పనిచేసే కుర్రాడిని అడిగితే, "చైనీస్ మనీ ప్లాంట్ అని కూడా అంటారు మేడమ్, రెండూ ఒకటే" అన్నాడు.

ఒకటి కాదు. పెపరోమియాలు మిరియాల కుటుంబానివి. తమలపాకు, పిప్పళ్ళు కూడా ఆ ఇంటివే. నేను కొన్న మొక్క పేరు పైలియా పెపరోమియాయిడిస్. ఇది అర్టికేసీ కుటుంబానిది. అంటే ముట్టుకుంటే ఒళ్ళంతా మండించే నెటిల్ మొక్కల కుటుంబం. 'పెపరోమియాయిడిస్' అన్న మాటకు అర్థమే 'పెపరోమియాలా కనిపించేది' అని. ఆ పేరు పెట్టినాయన ఈ పోలిక చూసి మోసపోవద్దని పేరులోనే హెచ్చరిక రాసిపెట్టాడు. నూరేళ్ళు దాటాక కూడా నర్సరీ చీటీ మీద ఆ హెచ్చరిక సగానికి తెగిపోయి, పోలిక మాత్రమే మిగిలింది.

ఆ రోజు ఇంకో సంగతి చూశాను. పక్క కుండీల్లో కలుపు పీకుతున్న కుర్రాడి చేతిలో, ఆవగింజంత ఆకులున్న మెత్తటి పచ్చటి మొక్కలు గుప్పెడు ఉన్నాయి. మన దగ్గర ఏ నర్సరీకి వెళ్ళినా కుండీల్లో, తడి గోడల పగుళ్ళలో కనిపిస్తుంది ఆ మొక్క. దాని పేరు పైలియా మైక్రోఫిల్లా. పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు, ఇప్పుడు మన దగ్గర ఎక్కడబడితే అక్కడ మొలుస్తోంది. నా చేతిలో ఉన్న మొక్క, ఆ కుర్రాడు పీకి పారేస్తున్న కలుపు ఒకే ప్రజాతివి, అంటే ఒకే జీనస్‌వి. ఒకదాని ఆకు అరచేయంత, ఇంకోదాని ఆకు ఆవగింజంత. రెంటినీ పక్కపక్కన పెట్టి ఇవి చుట్టాలని చెబితే ఎవరూ నమ్మరు. నమ్మాలంటే పువ్వు చూడాలి.

పువ్వు చూడాలన్న సంగతి నాకు చెప్పింది మా బోటనీ సార్. నేను కోస్తాలో ఒక చిన్న ఊరి కాలేజీలో బీఎస్సీ చదివాను. రెండో ఏడాది మమ్మల్ని మారేడుమిల్లి తీసుకెళ్ళారు. అడవిలో నడుస్తుంటే సార్ ఒక మామూలు మొక్క దగ్గర ఆగి, "ఇది ఏ ఫ్యామిలీ?" అని అడిగారు. అందరం తలో పేరు చెప్పాం. "అర్టికేసీ" అన్నారాయన. నేను వెంటనే ఆకు పట్టుకుని, "దురద లేదు కదా సార్" అన్నాను. నాకు నెటిల్ కుటుంబం అంటే దురద అన్న ఒక్క ముక్కే గుర్తుంది. ఆయన నవ్వి, "దురద చూసి చుట్టరికం కలుపుకుంటే దురదగుంటాకుని కూడా ఈ ఇంట్లోకే తేవాలమ్మా. అది ఆముదం ఇంటిది. మొగ్గ చూడు" అని, జేబులోంచి సూది తీసి, ఆకు మొదట్లో ఉన్న గింజంత మొగ్గని తాకారు. అది టప్పున విచ్చుకుని పిసరంత పొగలాంటిది ఎగిరింది. పుప్పొడి.

అది పౌజోల్జియా జైలానికా. మన అడవుల్లోనూ పొలం గట్ల మీదా దొరికే మొక్కే. అర్టికేసీలో మగ పువ్వు కేసరాలు మొగ్గలో లోపలికి వంగి, స్ప్రింగులా బిగించి ఉంటాయి. సమయం వచ్చినప్పుడు ఒక్కసారిగా నిటారుగా లేచి పుప్పొడిని గాలిలోకి విసురుతాయి. నర్సరీ కలుపు పైలియా మైక్రోఫిల్లాని ఇంగ్లీషువాళ్ళు ఫిరంగి మొక్క అని పిలిచేది ఇందుకే. ఆడ పువ్వులో ఒకే గది ఉన్న అండాశయం, దాని అడుగున నిటారుగా నిలబడిన ఒకే ఒక్క అండం. ఈ కుటుంబానికి ఇవి గుర్తులు. మండించే నూగు వీటిలో ఒక శాఖకే ఉంది. పైలియాలో లేదు, పౌజోల్జియాలో లేదు, బట్టలు నేయడానికి నార ఇచ్చే రామీ మొక్కలోనూ లేదు.

దురదగుంటాకు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఇంగ్లీషు వ్యాసాలు తెలుగు చేసేవాళ్ళు నెటిల్ అని కనిపించగానే దురదగొండి అని రాసేస్తున్నారు. నెటిల్ టీ తాగితే మంచిదన్న ఇంగ్లీషు వ్యాసం తెలుగులో దురదగొండి టీ అయిపోతుంది. మన దగ్గర దురదగుంటాకు, దూలగొండి అనే పేర్లతో పిలిచేవాటిలో ఒకటి ట్రేజియా, అంటే ఆముదం కుటుంబపు తీగ. ఇంకోటి మ్యుకునా, చిక్కుడు కుటుంబానిది. కాయ మీది నూగు తగిలితే భరించలేం. రెండూ నెటిల్ కావు. నెటిల్ నూగు కొన గాజులాంటి సిలికాతో చేసినది. ట్రేజియా నూగులో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికం ఉంటుంది. చర్మానికి అన్నీ ఒకటే అనిపిస్తాయి, అందుకే మన పెద్దవాళ్ళు పెట్టిన పేరులో తప్పేమీ లేదు. ఆ పేరు ముట్టుకోవద్దని చెప్పడానికి పుట్టింది, ఆ పని చక్కగా చేస్తోంది. కానీ దాన్ని తీసుకెళ్ళి వేరే మొక్కకి తగిలించి, పైగా తాగమని చెప్పడం ప్రమాదం. పేరు వెనక ఏ మొక్క ఉందో చూడకుండా రాసే అలవాటు మానాలని నా గట్టి అభిప్రాయం.

మళ్ళీ పైలియా దగ్గరికి వస్తాను. దీని కథ తెలిసినప్పటి నుంచీ నాకు ఒక విషయం మనసులో మెదులుతూనే ఉంది, ఈ వ్యాసం అందుకోసమే రాస్తున్నాను.

చైనాలో యునాన్ రాష్ట్రంలో దాలీ అనే ఊరి పక్కన త్సాంగ్‌షాన్ పర్వతాలున్నాయి. అక్కడా, సిచువాన్ నైరుతి మూలనా, 1,500 నుంచి 3,000 మీటర్ల ఎత్తులో, అడవి నీడన తడిసిన రాళ్ళ మీద ఈ మొక్క పుట్టింది. చైనావాళ్ళు దీన్ని 'జింగ్‌మియెన్ త్సావో' అంటారు. అద్దపు మొహం గడ్డి అని అర్థం. ఆకు నిగనిగ చూసి పెట్టిన పేరు. స్కాట్లండ్‌కి చెందిన జార్జ్ ఫారెస్ట్ 1906లో, మళ్ళీ 1910లో ఆ కొండల్లో దీని కొమ్మలు సేకరించాడు. ఫారెస్ట్ కోసం అక్కడి నాషీ తెగవాళ్ళు ఏళ్ళ తరబడి కొండలెక్కి మొక్కలు తెచ్చారు. వాళ్ళకు పెద్దగా ఉన్న జావో చెంగ్‌జాంగ్ పేరు ఇప్పటికీ చాలామంది తలవరు. ఫారెస్ట్ తెచ్చిన వేల వేల నమూనాలు ఎండి, కాగితాలకు అతుక్కుని ఎడిన్‌బరో బొటానికల్ గార్డెన్‌కి చేరాయి.

వాటిని చూసి 1912లో లుడ్విగ్ డీల్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని కొత్త జాతిగా వర్ణించి, పైలియాలో చేర్చి, పేరు పెట్టాడు. పైలియా అన్న ప్రజాతిని అప్పటికి తొంభై ఏళ్ళ కిందట, 1821లో, జాన్ లిండ్లీ ఏర్పరిచాడు. లాటిన్‌లో పైలియస్ అంటే మెత్తటి ఉన్ని టోపీ. ఆడ పువ్వు రేకుల్లో ఒకటి పెద్దదై గింజ మీద టోపీలా వాలి ఉంటుంది, అందుకని ఆ పేరు. డీల్స్ ముందున్నవి చదును చేసిన ఎండు కొమ్మలు. ఆకు చూస్తే పెపరోమియా. పైగా పైలియాల్లో ఆకులు మామూలుగా ఎదురెదురు జతలుగా వస్తాయి, ఇందులో మాత్రం కాండం చుట్టూ మెట్ల వరసలా ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. ఆకు అడుగడుగునా వేరే కుటుంబం వైపే వేలు చూపిస్తోంది. అయినా ఆయన పైలియా అని రాయగలిగాడు. పెపరోమియా పువ్వులు ఎలుక తోకలాంటి కంకి మీద ఉంటాయి, రేకులుండవు, కేసరాలు రెండే, ఆడా మగా ఒకే పువ్వులో. ఫారెస్ట్ కొమ్మ మీది పువ్వు అలాంటిది కాదు. ఆకు సాక్ష్యం, పువ్వు సాక్ష్యం ఎదురుపడినప్పుడు ఆయన పువ్వు మాట విన్నాడు.

తరవాత ఆ కాగితం ఎడిన్‌బరోలో బీరువాలో ఉండిపోయింది. పెద్దగా ఎవరికీ పట్టలేదు.

ఇక బతికిన మొక్క కథ వేరు. ఆగ్నర్ ఎస్పెగ్రెన్ అనే నార్వే మిషనరీ చైనాలో హునాన్ రాష్ట్రంలో ఉండేవాడు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో ఇంటిల్లిపాదీ అక్కడి నుంచి పారిపోయి కున్‌మింగ్ చేరారు. ఆ ఊళ్ళో ఉన్న కొద్ది రోజుల్లో ఆయనకు ఈ మొక్క దొరికింది. చిన్న పెట్టెలో పెట్టుకుని కలకత్తా తెచ్చాడు. ఆ కుటుంబం కొన్నాళ్ళు మన దేశంలోనే ఉంది, మొక్క కూడా వాళ్ళతోనే ఉంది. 1946లో నార్వే చేరింది. యుద్ధం నుంచి పిల్లాపాపలతో బయటపడుతున్న మనిషి సామాన్లలో ఒక మొక్కకి చోటిచ్చాడంటే నాకు చాలా ముచ్చటేస్తుంది. ఆ మొక్క వేళ్ళ దగ్గర పిలకలు వేస్తూనే ఉంటుంది. ఆయన ఆ పిలకలు తెలిసినవాళ్ళకి ఇస్తూ పోయాడు. వాళ్ళు ఇంకొకళ్ళకి. నార్వే, స్వీడన్‌లలో కిటికీ కిటికీకి పాకింది. ఏ కంపెనీ అమ్మలేదు, ఏ కేటలాగులోనూ లేదు. మనం కరివేపాకు పిలకో మందార కొమ్మో పక్కింటికి ఇచ్చినట్టే.

అలాగే సముద్రం దాటి ఇంగ్లండ్ చేరింది. 1970లలో అక్కడి జనం ఆకులు కోసి కవర్లో పెట్టి లండన్ దగ్గరి క్యూ గార్డెన్స్‌కి పంపి, ఇది ఏ మొక్కో చెప్పమని అడగడం మొదలుపెట్టారు. ప్రపంచంలోకెల్లా పెద్ద మొక్కల భాండాగారాల్లో క్యూ ఒకటి. అయినా చెప్పలేకపోయారు. ఉన్నవి ఆకులే, అవేమో పెపరోమియాలా ఉన్నాయి, కానీ పెపరోమియా కాదని తెలుస్తోంది. 1978లో ఎవరో మగ పూలగుత్తి ఉన్న ముక్క పంపారు. దాన్ని చూసి వెసెల్ మరే అనే శాస్త్రవేత్త పైలియా పెపరోమియాయిడిస్ అని తేల్చాడు. అయినా యునాన్ కొండల మొక్క బ్రిటిష్ వంటింటి కిటికీలోకి ఎలా వచ్చిందో తెలియలేదు. 1983లో ఒక పత్రిక పాఠకులను అడిగితే ఒక కుటుంబం నార్వే ఆనవాలు చెప్పింది. స్వీడన్‌లో లార్స్ కేర్స్ అనే శాస్త్రవేత్త ఆ దారి పట్టుకుని వెనక్కి వెళ్ళి ఎస్పెగ్రెన్ దగ్గరికి చేరాడు. అచ్చులో దీని బొమ్మ మొదటిసారి వచ్చింది 1984లో, క్యూ వాళ్ళ పత్రికలో.

ఫారెస్ట్ రెండోసారి కొమ్మ తుంచిన 1910 నుంచి క్యూలో పేరు తేలిన 1978 దాకా అరవై ఎనిమిదేళ్ళు. అన్నేళ్ళూ ఆ పేరు భద్రంగా ఉంది. 1912 నాటి వర్ణన ఉంది, ఆ వర్ణనకి ఆధారమైన కొమ్మలు కాగితం మీద ఉన్నాయి. కాబట్టే ఒక్క పూలగుత్తి దొరకగానే ముడి విడిపోయింది. అవి లేకపోతే ఏమయ్యేది? 1978లో ఇంకో కొత్త పేరు పెట్టేవాళ్ళేమో. దాన్ని యునాన్ కొండలతో కలిపే దారం ఎక్కడ దొరుకుతుంది?

ఇది ఊరికే ఊహించి అంటున్న మాట కాదు. డీల్స్ పనిచేసిన బెర్లిన్‌లో గొప్ప హెర్బేరియం, అంటే ఎండు మొక్కల నమూనాలు దాచే భాండాగారం, ఉండేది. 1943 మార్చిలో బాంబులు పడి అందులో చాలా భాగం కాలిపోయింది. లక్షల నమూనాలు బూడిదయ్యాయి. వాటిలో ఎన్నో కొత్త జాతులకు పేరు పెట్టడానికి ఆధారమైన మూల నమూనాలు. ఈనాటికీ ఆ జాతుల మీద పనిచేసేవాళ్ళు 'బెర్లిన్‌లో ఉండేది, నాశనమైంది' అని రాసుకుని, దాని జోడు ఇంకెక్కడైనా ఉందేమోనని వెతుక్కుంటారు. ఫారెస్ట్ కాగితాలు ఎడిన్‌బరోలో ఉండటం మన పైలియా అదృష్టం.

నేను ఇంతగా చెప్పడానికి కారణం మా కాలేజీ.

మా డిపార్ట్‌మెంట్‌లో ప్రాక్టికల్ ల్యాబ్ వెనక పొడవాటి గది ఉండేది. తలుపు తీయగానే నాఫ్తలీన్ వాసన. నాలుగు చెక్క బీరువాలు. లోపల కుటుంబాల వారీగా కట్టలు కట్టి, మందపాటి తెల్ల కాగితాల మీద కుట్టిన ఎండు కొమ్మలు. మా సార్ వాటి కోసం ముప్పై ఏళ్ళు తిరిగారు. సెలవుల్లో బస్సెక్కి రంపచోడవరం, మారేడుమిల్లి, పాపికొండలు. చంకలో చెక్క ప్రెస్సు, సంచీ నిండా పాత పేపర్లు. కొమ్మను పేపర్ల మధ్య పెట్టి బిగించడం, తడి పీల్చుకున్న పేపరు రోజూ మార్చడం, ఆరాక పురుగు పట్టకుండా మందు ముంచడం, సూదీ దారంతో కాగితానికి కుట్టడం మాకు నేర్పారు. కుడి వైపు అడుగున లేబుల్. కుటుంబం, ప్రజాతి, జాతి, దొరికిన చోటు, ఎత్తు, తేదీ, సేకరించినవారు. ఆఖరి గడి: స్థానిక నామం.

మారేడుమిల్లి పౌజోల్జియా దగ్గర కూడా ఆ గడి నింపారు. దారిలో మాతో నడిచిన కొండరెడ్డి పెద్దాయన్ని అడిగారు. "తాతా, దీన్ని మీరేమంటారు?" ఆయన ఒక పేరు చెప్పాడు. సార్ రెండుసార్లు అడిగి, పలికింది పలికినట్టు తెలుగులో రాసుకున్నారు. ఎందుకు అలా అంటారో కూడా ఆయన చెప్పాడు. నాకు పంతొమ్మిదేళ్ళు. స్నేహితురాళ్ళతో కబుర్లలో ఉన్నాను. ఆ పేరు చెవిన పడింది, నిలవలేదు.

ఇలా రాసుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కల మీద పనిచేసినప్పుడు, ఇక్కడివాళ్ళ దగ్గర విన్న తెలుగు పేర్లు పక్కనే రాసి పెట్టాడు. ఆ పేర్లు చెప్పిన మనుషుల పేర్లు మనకు దక్కలేదు కానీ, మొక్కల పేర్లు దక్కాయి. రాసినవాడు పరాయివాడు, పని కుంపినీది. అయినా రెండు వందల ఏళ్ళ కిందట మనవాళ్ళు ఒక మొక్కని ఏమని పిలిచారో నేనీ రోజు చదవగలుగుతున్నాను. అలాంటి పని మా సార్ తన జీతం డబ్బులతో, తన భాషలో చేశారు.

కొన్నేళ్ళ కిందట పూర్వ విద్యార్థుల కలయికకి వెళ్ళినప్పుడు ఆ గది చూడాలని వెళ్ళాను. అక్కడ కంప్యూటర్లున్నాయి. బోటనీలో చేరేవాళ్ళు తగ్గిపోయి ఆ గ్రూపే ఎత్తేశారట. బీరువాలు ఏవి అని అడిగితే, చెదలు పట్టాయని చెక్క అమ్మేశామన్నారు. లోపలి కాగితాలు? అవతల ప్రహరీ పక్కన కొన్నాళ్ళు పడున్నాయి, వానకి తడిశాయి, తరవాత పాత పేపర్లవాడు తీసుకెళ్ళాడు. చెప్పినాయన మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. అది ఆయనకి చెత్త. ఇదేమిటో ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు. సార్ అప్పటికే పోయారు. అదొక్కటే నాకు కొంచెం ఊరట, ఇది ఆయన చూడలేదు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా చుట్టూ ఉన్నవాళ్ళు మూడు మాటలంటారు. మూడూ తోసిపుచ్చదగ్గవి కావు, అందుకే జవాబు చెప్పాలనుకుంటున్నాను.

మొదటిది ఫోన్. ఫొటో తీస్తే యాప్ పేరు చెప్పేస్తుంది కదా, ఎండుటాకులెందుకు అని. నిజమే, నా బాల్కనీ మొక్కను చూపిస్తే యాప్ క్షణంలో పైలియా పెపరోమియాయిడిస్ అంది. నర్సరీ చీటీ కంటే యాపే నయం. కానీ యాప్‌కి ఎలా తెలిసింది? లక్షల ఫొటోలకి మనుషులు పేర్లు పెట్టి నేర్పారు. ఆ మనుషులకి పుస్తకాలు చెప్పాయి. పుస్తకాలకి 1978 నాటి క్యూ చెప్పింది. క్యూకి 1912 నాటి డీల్స్, డీల్స్‌కి ఫారెస్ట్ కొమ్మ. ఆ వరసలో అడుగున ఉన్నది కాగితానికి అతికించిన కొమ్మే. ఎవరూ ఇంతవరకూ పేరు పెట్టని మొక్కని, లేదా రెండు జాతుల మధ్య తేడా గింజ మీది గీతల్లో ఉన్న మొక్కని, యాప్ ఏం చేయగలదు? పైలియాలోనే ఆరు వందలకు పైగా జాతులున్నాయి. ఫొటోలో ఆకు వీపు ఉండదు, పువ్వు కోసి చూసేందుకు ఉండదు.

రెండోది డీఎన్‌ఏ. ఇది బలమైన మాట. వర్గీకరణని గత ముప్పై ఏళ్ళలో డీఎన్‌ఏ చాలా మార్చింది. నెటిల్ కుటుంబాన్నీ మర్రి, మేడి, పనసల మోరేసీనీ తీసుకెళ్ళి గులాబీల క్రమంలో, అంటే కొన్ని కుటుంబాలు కలిసిన పెద్ద గుంపులో, కలిపింది. పైలియాలో ఉంచిన కొన్ని ఆసియా మొక్కలని విడదీసి అకుడెమియా అనే పాత ప్రజాతిని మళ్ళీ నిలబెట్టారు. ఎప్పుడో 1912లో డీల్స్ పెట్టిన మన మొక్క మాత్రం పైలియాలోనే నిలిచింది. పువ్వు చెప్పిన మాటకి డీఎన్‌ఏ కూడా ఔనంది. కానీ ఆ డీఎన్‌ఏ చాలాసార్లు తీసేది ఎక్కడి నుంచి? హెర్బేరియం కాగితం మీది ఎండు ఆకు ముక్కలోంచి. వందేళ్ళ కిందటి ఆకుల్లోంచి కూడా తీస్తున్నారు. పైగా ఏ మొక్క నుంచి తీశారో ఆ మొక్క ముక్క దాచి ఉంచకపోతే, రేపు ఎవరికైనా అనుమానం వస్తే తిరిగి చూసుకోవడానికి ఏమీ ఉండదు. డీఎన్‌ఏ అక్షరాల వరస ఒకటి మిగులుతుంది, అది ఎవరిదో తెలియదు.

మర్రి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో మర్రి జాతి ఆకును అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, కణంలో ద్రాక్షగుత్తిలా వేలాడే సున్నపు ముద్ద కనిపిస్తుంది. సిస్టోలిత్. బోటనీ చదివిన ప్రతి తెలుగువాళ్ళకీ గుర్తుంటుంది ఆ బొమ్మ. పైలియా ఆకుల్లో కూడా సిస్టోలిత్‌లున్నాయి, సన్నటి గీతల ఆకారంలో. ఆకు ఎండాక ఇంకా బాగా కనిపిస్తాయి. యునాన్ కొండల మొక్కకీ మన ఊరి రచ్చబండ దగ్గరి మర్రికీ ఉన్న దూరపు చుట్టరికానికి అదొక ఆనవాలు. పచ్చి ఆకులో దాగినది ఎండాక బయటపడటం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

మూడో మాట డబ్బు, జాగా. చిన్న కాలేజీలు ఎలా కాపాడతాయి అని. నిజంగానే కష్టం. చిన్న కాలేజీల సంగతి ఎందుకు, 2024లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం సుమారు 8,25,000 నమూనాలున్న తన హెర్బేరియాన్ని మూసేస్తామని ప్రకటించింది. ప్రపంచమంతా శాస్త్రవేత్తలు నిరసన చెప్పారు. అయితే మూయడం వేరు, పారేయడం వేరు. డ్యూక్ నమూనాలని వేరే చోట్లకి చేర్చే మాట మాట్లాడారు. మనకీ చోట్లున్నాయి. హౌరాలో ఇరవై లక్షల దాకా నమూనాలున్న జాతీయ హెర్బేరియం ఉంది. కోయంబత్తూరులో పాత మద్రాస్ హెర్బేరియం ఉంది. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే వాళ్ళ కేంద్రం ఉంది. విశ్వవిద్యాలయాల్లో బోటనీ శాఖలున్నాయి. గ్రూపు ఎత్తేసే ముందు, గది ఖాళీ చేసే ముందు, ఒక ఫోన్ చేసి 'మా దగ్గర ఇవి ఉన్నాయి, తీసుకుంటారా' అని అడగడానికి డబ్బు అక్కర్లేదు. అది కూడా కుదరకపోతే ప్రతి లేబుల్‌నీ ఫోన్‌తో ఫొటో తీయించడానికి పదిమంది విద్యార్థులు, రెండు రోజులు చాలు. అది కొమ్మతో సమానం కాదు, కానీ కొండరెడ్డి పెద్దాయన చెప్పిన పేరు దక్కేది.

నాకు ఎక్కువ బాధ అక్కడే. పౌజోల్జియా జైలానికా లోకంలో చాలా హెర్బేరియాల్లో ఉంటుంది. మా షీటు పోయినందుకు ఆ జాతికి నష్టం లేదు. ఆ కొండ మీద, ఆ ఏడాది, ఆ మనిషి పలికిన పేరు మాత్రం ఆ ఒక్క కాగితం మీదే ఉంది. అద్దపు మొహం గడ్డి అన్న చైనా పేరు దక్కింది. నార్వే మిషనరీ పేరు దక్కింది. మన మొక్కకి మనవాళ్ళు పెట్టిన పేరు పాత పేపర్ల బండి ఎక్కి పోయింది.

మొన్న మా క్లాస్‌మేట్స్ గ్రూపులో ఈ సంగతి పెట్టాను. ఆ రోజుల్లో ప్రాక్టికల్స్ కోసం మేం తలో ఇరవై ఐదు షీట్ల ఫైలు తయారుచేసి సంతకాలు పెట్టించుకున్నాం, ఎవరి దగ్గరైనా మిగిలి ఉన్నాయా అని అడిగాను. రెండు రోజులు ఎవరూ పలకలేదు. మూడో రోజు రాత్రి రాజమండ్రి నుంచి ఒక స్నేహితురాలు ఫోన్ చేసింది. "ఏమే, అటక మీద మా అమ్మ దాచిందే, పెళ్ళి ఆల్బమ్ పక్కన" అంది. అర్ధరాత్రి దాకా వీడియో కాల్‌లో ఒక్కో కాగితం తిరగేసింది. ఎనిమిదో షీటు పౌజోల్జియా. ఆకులు గోధుమరంగుకి తిరిగాయి, ఒక మూల పురుగు కొట్టింది, కానీ కొమ్మ నిలిచే ఉంది. కణుపుల దగ్గర మొగ్గలు కూడా కనిపిస్తున్నాయి.

"లేబుల్ చదువు" అన్నాను. కుటుంబం, అర్టికేసీ. ప్రజాతి, జాతి, సార్ ఎర్రసిరాతో దిద్దిన స్పెల్లింగు. చోటు, మారేడుమిల్లి. తేదీ ఉంది. ఆఖరి గడి దగ్గర ఆగింది.

"స్థానిక నామం అని ఉందే. ఎదురుగా గీత పెట్టి వదిలేశాను" అంది.

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత తనే అడిగింది, వానాకాలంలో పూస్తుంది కదా అని. పూస్తుందన్నాను. ఆగస్టులో మారేడుమిల్లికి టికెట్లు చూస్తున్నాం. ఆ పెద్దాయన ఉండడు. ఆయన మనవలెవరైనా ఆ దారిలో ఉంటారేమో, కొమ్మ చూపించి అడుగుతాం. ప్రెస్సు చేయించడానికి వడ్రంగికి చెప్పాను.